ఇరుక్కుంటే ఒక్కరే తీయగలిగిన బండి

కొండల్లో నడిపే స్నోమొబైల్ కొనాలని షోరూముకు వెళ్లిన కొత్తవాళ్లు ముందుగా హార్స్‌పవర్ ఎంత అని అడుగుతారు. రాకీ పర్వతాల్లో ఏళ్ల తరబడి నడిపినవాళ్ల దగ్గరికి సలహాకు వెళ్తే వాళ్లు అడిగేది వేరు. మీ ఎత్తెంత, బరువెంత, ఎవరితో వెళ్తున్నారు, మెత్తటి మంచులో బండి కూరుకుపోతే ఎలా తీస్తారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరికితే బండి ఎంపిక సగానికి పైగా తేలిపోయినట్టే. మొదటి బండి విషయంలో నేను గట్టిగా నమ్మేదీ అదే: మీరు ఒక్కరే ఒక పక్కకు వంచగలిగి, ఒక్కరే గుంతలోంచి బయటికి లాగగలిగిన బండి కొనండి. మిగతా లెక్కలన్నీ దాని తరువాతే.

అసలు ఈ యంత్రం కొండల కోసం పుట్టలేదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ 1934 చలికాలంలో తన రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి పిల్లవాణ్ని ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. 1937లో మంచు మీద నడిచే పెద్ద వాహనానికి పేటెంట్ తెచ్చుకున్నాడు, 1959లో చిన్నదైన స్కీ-డూను మార్కెట్లోకి తెచ్చాడు. ఈలోగా మినెసోటాలోని రోసో అనే చిన్న ఊళ్లో పొలారిస్ కంపెనీ వాళ్లు 1956లో తమ మొదటి బండి తయారుచేశారు. అవన్నీ గడ్డకట్టిన చెరువులకూ, అడవి దారులకూ, చదును నేలకూ పనికొచ్చే బండ్లు. వాటిని పడమటి కొండలకు తీసుకెళ్లినవాళ్లకు అక్కడి లోతైన పొడిమంచు కొత్త సమస్య అయింది. కెనడా పడమటి రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో రెవెల్‌స్టోక్ దగ్గరి మౌంట్ కోప్లాండ్ మీద 1971-72 చలికాలంలో 24 మీటర్లకు పైగా మంచు కురిసింది. అలాంటి చోట ట్రాకు, అంటే బండి కింద తిరుగుతూ దాన్ని ముందుకు నెట్టే రబ్బరు పట్టా, చిన్నదైతే తేలదు, మునుగుతుంది. అందుకే కొండబండికి ట్రాకు పొడవు పెరిగింది, దాని మీది లగ్గులు ఎత్తయ్యాయి, ముందున్న రెండు స్కీలూ దగ్గరకు జరిగాయి.

లగ్గులంటే ట్రాకు మీద అడ్డంగా నిలబడే రబ్బరు పలకలు. వరిమడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు తగిలించే కేజ్ వీల్స్ బురదను పట్టుకున్నట్టే ఇవి మంచును పట్టుకుని వెనక్కి నెడతాయి. చదును దారుల బండికి ఒకటి, ఒకటిన్నర అంగుళాల లగ్గు సరిపోతుంది. కొండబండికి రెండున్నర నుంచి మూడు అంగుళాలు కావాలి. ట్రాకు పొడవు దారిబండికి 129, 137 అంగుళాలైతే కొండబండికి 146 నుంచి 175 దాకా ఉంటుంది. 165, 175 ట్రాకులు లోతు మంచులో తేలుతూ నిటారు వాలు ఎక్కుతాయి, నిజమే. కానీ పొడవు పెరిగేకొద్దీ బండి తిప్పడం కష్టమవుతుంది, చెట్ల మధ్య ఇరుకు మలుపుల్లో మొండికేస్తుంది. సగటు ఒడ్డూ పొడుగూ ఉన్న కొత్తవాళ్లకు 146 నుంచి 155 మధ్య ట్రాకు, రెండున్నర అంగుళాలకు కాస్త పైనున్న లగ్గు చాలు. మనిషి బాగా బరువైతేనో, వెళ్లే కొండల్లో మంచు మరీ లోతైతేనో 165 గురించి ఆలోచించవచ్చు.

స్కీలను ఎందుకు దగ్గరకు జరిపారో తెలియాలంటే కొండ మీద బండి ఎలా నడుస్తుందో చూడాలి. దారిబండి స్కీల మధ్య 42, 43 అంగుళాల ఎడం ఉంటుంది. మలుపుల్లో అది కుదురుగా నేలను అంటిపెట్టుకోవాలి. కొండబండికి ఆ ఎడం సుమారు 36 అంగుళాలే, ఎందుకంటే అది కుదురుగా ఉండకూడదు, పక్కకు ఒరగాలి. ఈ విద్యకు ప్రాణం సైడ్‌హిల్లింగ్, అంటే వాలును అడ్డంగా దాటడం. కొండ మీకు ఎడమవైపున ఉందనుకోండి. బండిని మామూలుగా పోనిస్తే అది కుడివైపుకు, అంటే పల్లానికి జారిపోతుంది. అనుభవజ్ఞుడు ముందు హ్యాండిల్‌ను ఒక్కసారి కుడికి, పల్లంవైపుకు తిప్పుతాడు. అదే క్షణంలో బొటనవేలితో థ్రాటిల్ కొద్దిగా నొక్కి, ఒళ్లంతా ఎడమకు లాగుతాడు. బండి ఎడమ అంచు మీదకి ఒరుగుతుంది. కుడి స్కీ గాలిలోకి లేస్తుంది. చాలామంది కుడికాలు తెచ్చి ఎడమ రన్నింగ్ బోర్డు మీద పెడతారు, ఎడమకాలు మంచులో వేలాడుతూ పోతుంది. ఇక ట్రాకు ఎడమ అంచే మంచును కోసుకుంటూ వాలు మీద గీత గీసినట్టు సాగుతుంది. ఇదంతా నిలబెట్టేది థ్రాటిల్. వేలు ఒక్క క్షణం వదిలితే బండి వెల్లకిలా పడిపోవాలన్నట్టు పల్లానికి వాలుతుంది, గాభరాపడి ఎక్కువ నొక్కితే కొండలోకి తిరిగిపోతుంది. చూసేవాడికి ఇది బలం పనిలా కనిపిస్తుంది. కానీ నేర్చినవాళ్లు బరువును ఎప్పుడు ఎటు వేయాలో తెలిసి చేస్తారు, చేతుల్లో బలం ఖర్చుపెట్టరు. అరవై కిలోల మనిషి కూడా అవలీలగా చేయగలిగేది అందుకే.

ఇది చదునైన మైదానంలో, మోకాలిలోతు మంచులో నేర్చుకోవాలి. ఒక పక్కకు ఒరిగించి, గుండ్రంగా తిరుగుతూ, ఆ ఒరుగుదల పోకుండా చూసుకోవడం. రెండు వైపులా అది వచ్చాకే వాలు.

ఇప్పుడు ఇంజిన్. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఇంజిన్ సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. సముద్రమట్టం దగ్గర 165 హార్స్‌పవర్ ఇచ్చే 850 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్, వ్యోమింగ్‌లోని టోగ్వోటీ కనుమ దగ్గర, అంటే 9,600 అడుగుల ఎత్తున, 120కి దరిదాపుల్లోకి పడిపోతుంది. ఈ లోటు పూడ్చడానికే స్కీ-డూ 2020 మోడల్ నుంచి కంపెనీలోనే టర్బో బిగించిన టూ-స్ట్రోక్ అమ్మడం మొదలుపెట్టింది, తరువాత పొలారిస్ కూడా తెచ్చింది. అద్భుతమైన యంత్రాలవి, కాదనను. కానీ ఒరిగించడం ఇంకా చేతికి రాని మనిషి కింద అంత శక్తి ఉంటే ప్రతి తప్పూ రెట్టింపు వేగంతో జరుగుతుంది, చెట్టు రెట్టింపు త్వరగా ఎదురవుతుంది. 600 సీసీ తరగతి ఇంజిన్ మొదటి రెండు మూడు చలికాలాలకు తక్కువేం కాదు. ఫోర్-స్ట్రోక్ బండ్లు నమ్మకమైనవే, కానీ బరువు ఎక్కువ. యెల్లోస్టోన్ చూడబోయిన మన తెలుగు కుటుంబాలు గైడ్ వెంట ఎక్కేది ఆ రకం టూరింగ్ బండి. గుల్మార్గ్‌లో డ్రైవర్ వెనక కూర్చుని తిరిగిన అనుభవంతోనో, యెల్లోస్టోన్ అనుభవంతోనో కొండబండిని అంచనా వేయకూడదు, రెండూ వేరే జాతులు.

కొత్త 850 ధర అమెరికాలో 15 వేల డాలర్లు దాటుతుంది కాబట్టి చాలామంది పాతదే కొంటారు, మంచి పనే. ఇంజిన్ కంప్రెషన్ చూపించమనండి. టనెల్, అంటే ట్రాకు పైనుండే అల్యూమినియం పెట్టె, వంగిందేమో వెనక నిలబడి చూడండి. రివెట్లు వదులైనా, ముందు స్కీలను పట్టి ఉంచే ఏ-ఆర్ములు వంకరపోయినా ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుందన్నమాట. లగ్గులు చిరిగాయేమో ట్రాకంతా తిప్పి చూడాలి. ఒక ముఖ్యమైన సంగతి: మినెసోటా మైదానాల్లో నడిచిన బండిని కొలరాడోకు తెస్తే క్లచ్ బరువులు ఆ ఎత్తుకు మార్పించాలి, లేకపోతే మంచి బండే నీరసంగా నడుస్తుంది. స్పేర్ బెల్ట్ ఎప్పుడూ వెంట ఉండాలి.

కొండబండి పెట్రోలు పోయకముందే 200 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ట్యాంకు నింపితే దాదాపు 30 కిలోలు అదనం. మెత్తటి మంచులో ఆగిపోయినప్పుడు కొత్తవాళ్లు థ్రాటిల్ నొక్కుతూనే ఉంటారు. ట్రాకు అక్కడికక్కడే తవ్వుకుంటూ పోయి, బండి వెనకభాగం నడుములోతు గోతిలో దిగబడుతుంది. చేయాల్సింది వెంటనే ఆపడం. దిగి, ముందున్న మంచును కాళ్లతో తొక్కి గట్టిపరిచి, ట్రాకు ముందరి మంచు పారతో తీసి, స్కీలు పట్టుకుని ముక్కును పల్లంవైపుకు లాగాలి. అప్పుడు థ్రాటిల్ మెల్లగా.

ఇదంతా ఒంటరిగా ఎందుకు చేయగలగాలి, తోటివాళ్లు సాయం రారా అని అడగవచ్చు. ఈ కొండల్లో 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మంచు చరియలు విరిగిపడతాయి, కొండబండ్లకు నచ్చేదీ సరిగ్గా ఆ వాలే. ఒకసారికి ఒక్కరే ఎక్కాలి, మిగతావాళ్లు చరియ దారికి దూరంగా నిలబడి కన్నార్పకుండా చూస్తుండాలి. పైన ఎవరైనా ఇరుక్కుంటే ఇంకొకరు పైకి వెళ్లకూడదు, రెండో బండి బరువుకే వాలు తెగిపోవచ్చు. 2008 డిసెంబరు 28న బ్రిటిష్ కొలంబియాలో ఫెర్నీ దగ్గర 11 మంది వెళ్లారు. మొదటి చరియ కింద కొందరు పడ్డారు, తవ్వి తీయడానికి వెళ్లినవాళ్లను రెండోది ముంచేసింది. ఎనిమిది మంది చనిపోయారు. 2010 మార్చిలో రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ మౌంటెన్ మీద, ఎవరు వాలు మీద ఎక్కువ ఎత్తుకు వెళ్తారో చూడటానికి చేరిన గుంపు మీద చరియ పడి ఇద్దరు చనిపోయారు, సుమారు 30 మంది గాయపడ్డారు.

అందుకే ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్న మనిషి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఈ మూడూ, మంచు చరియల శిక్షణ కోర్సు ఫీజూ బండి ధరలో భాగంగానే లెక్కవేయండి. ఆ సొమ్ము మిగలకపోతే ఒక మెట్టు తక్కువ బండి తీసుకోండి. ట్రాన్స్‌సీవర్ ఒంటికి కట్టుకోవాలి, పార వీపు సంచిలో ఉండాలి, బండి మీద కాదు. చరియ వచ్చినప్పుడు మనిషీ బండీ విడిపోతారు. మంచు కింద పడ్డ మనిషిని మొదటి పావుగంటలో తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తరువాత అది వేగంగా తగ్గిపోతుంది. వెళ్లే రోజు ఉదయం ఆ ప్రాంతపు చరియల బులెటిన్ చదవాలి. కెనడాలో అవలాంచ్ కెనడా, అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎక్కడికక్కడ అవలాంచ్ సెంటర్లు దాన్ని ఉచితంగా ఇస్తాయి.

షోరూములో బండి నచ్చాక వెనక బంపరు దగ్గర నిలబడండి. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా పెట్టి పైకెత్తండి. వెనకభాగం నేల వదిలి ఒక పక్కకు జరిగితే ఆ బండి గురించి బేరం మొదలుపెట్టవచ్చు. కదలకపోతే పక్కనున్న దాని దగ్గరికి వెళ్లండి.