జమ ఎవరికి, ఖర్చు ఎవరికి? – విదేశీ వలసను చెప్పిన తెలుగు రచనలు: ఒక పరిశీలన

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• విదేశీ వలసను చిత్రించిన సామెత, కథ, సినిమాలలో లాభనష్టాలను ఎవరి వైపు నుంచి చెప్పారో గుర్తించగలుగుతారు.
• ఒకే సంఘటన ఒకరికి లాభంగా, మరొకరికి నష్టంగా ఎలా మారుతుందో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• వలస రచనను విమర్శించేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను మీ ప్రాంతపు అనుభవానికి అన్వయించగలుగుతారు.

1. పరిచయం

'పరాయి దేశానికి వలస వెళ్ళడం లాభమా, నష్టమా?' అనే ప్రశ్న మనకు కొత్తది కాదు. వక్తృత్వపు పోటీల్లోనూ, పరీక్షల్లోనూ ఇది తరచూ కనిపిస్తుంది. సాధారణంగా విద్యార్థులు సంపాదన, చదువు, స్వేచ్ఛ అని ఒక వైపు రాస్తారు. అప్పు, ఒంటరితనం, అవమానం అని రెండో వైపు రాస్తారు. చివర 'బాగా ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి' అని ముగిస్తారు. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కాని ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది. లాభం పొందే మనిషీ, నష్టం భరించే మనిషీ ఒకరేనని ఇది ముందుగానే అనుకుంటుంది.

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలను చూడండి. తూర్పున పెన్నా డెల్టాలో వరి పండే నేల వేరు, ఈ మెట్ట నేల వేరు. సోమశిల నీళ్ళు అందే పొలాలున్నా, వాననూ బోరునూ నమ్ముకున్న చేలు కూడా చాలా ఉన్నాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల మీదుగా అమెరికా వైపు చూస్తారు. చదువు తక్కువైనవాళ్ళు, వెలిగొండలకు అవతల ఉన్న రాజంపేట, రాయచోటి ప్రాంతాల వాళ్ళలాగే, కువైట్ వంటి గల్ఫ్ దేశాల వైపు చూస్తారు. ఈ రెండు దారులనూ తెలుగు రచనలు ఒకే తీరుగా చూడలేదు. ఆ తేడాను గమనించడమే ఈ పాఠం ఉద్దేశం.

2. సామెతల తీర్పు

వలస గురించి మన భాషలో అన్నిటికన్నా ముందున్న విమర్శ సామెత. 'దూరపు కొండలు నునుపు' అంటాం. 'ఉన్న ఊరు కన్నతల్లి' అంటాం. 'రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పలేదు' అంటాం. మూడూ వెళ్ళవద్దనే చెబుతున్నాయి. దూరం మోసం చేస్తుందని మొదటిది, ఊరిని వదలడం తల్లిని వదలడమని రెండోది, ఎక్కడికి పోయినా రాత మారదని మూడోది.

ఈ సామెతలు ఎవరి నోటి నుంచి వస్తాయో విమర్శకుడు అడగాలి. పొలమూ ఇల్లూ ఉన్నవాడికి ఊరు కన్నతల్లే. కూలి దొరకని నెలల్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసేవాడికి అదే ఊరు సవతితల్లి. సామెత అబద్ధం చెప్పడం లేదు. కాని నిలబడగలిగినవాడి అనుభవాన్ని అందరి అనుభవంగా చెబుతోంది. 'కలో గంజో ఇక్కడే తాగుదాం' అనే మాటకు కూడా ఆ కలీ గంజీ దొరికేపాటి ఆధారం ఉండాలి.

3. అమెరికా దారి: రెండు సినిమాలు

జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన 'పడమటి సంధ్యారాగం' అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబం కథ. అక్కడి అలవాట్లంటే తండ్రికి భయమూ విసుగూ. కూతురు సంధ్య పొరుగున ఉన్న అమెరికన్ యువకుణ్ణి ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది. తండ్రి దాన్ని ఒప్పుకోలేడు. ఈ పెళ్ళిని లాభనష్టాల పట్టికలో ఎక్కడ రాయాలి? తండ్రి లెక్కలో ఇది వలస తెచ్చిన అతిపెద్ద నష్టం. కూతురి లెక్కలో తన జీవితాన్ని తాను ఎంచుకోగలిగిన లాభం. సంఘటన ఒక్కటే, పద్దులు రెండు. తండ్రిని నవ్వులపాలు చేసి వదిలేయకుండా అతని బాధకూ చోటివ్వడం ఈ సినిమా బలం. దీని పరిమితి కూడా అక్కడే ఉంది. వలస అంటే సంస్కృతి పోవడమా, నిలవడమా అన్నదే ఇందులో ప్రధానం. డబ్బు, అప్పు, కాగితాలు, ఉద్యోగం కథకు అంచున ఉంటాయి.

2000లో శేఖర్ కమ్ముల తీసిన 'డాలర్ డ్రీమ్స్' ఇంకొక మెట్టు. దర్శకుడి తొలి చిత్రానికిచ్చే జాతీయ పురస్కారం దీనికి దక్కింది. ఇందులో వలస ఇంకా జరగలేదు. వెళ్ళాలా వద్దా అని హైదరాబాదులో మిత్రులు తమలో తాము తర్కించుకుంటారు. మనుషుల మధ్య బంధాలకూ, డాలరు కలకూ మధ్య ఉండే లాగులాటను ఈ సినిమా నిజాయితీగా పట్టుకుంది. వెళ్ళేవాడితో పాటు మిగిలిపోయేవాడికీ మాట్లాడే అవకాశం ఇచ్చింది. అయితే వెళ్ళాలా వద్దా అని వాదించుకునే తీరిక కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి లేనివాళ్ళ వలస గురించి ఈ రెండు సినిమాల నుంచి మనం తెలుసుకోలేం. వాళ్ళ కోసం రెండో దారి చూడాలి.

4. కువైట్ దారి: ఒక ఊహా లెక్క

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది లెక్క అర్థం కావడానికి కల్పించుకున్నది. చేజర్ల మండలంలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళిందనుకోండి. దళారికీ, ప్రయాణానికీ కలిపి 1,50,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. జీతం 100 దినార్లు. దినారుకు 270 రూపాయల చొప్పున 27,000 రూపాయలు. తన ఖర్చులకు 5,000 ఉంచుకుని 22,000 పంపుతుంది. ఇంటి ఖర్చు 10,000 పోగా 12,000 అప్పుకు కడతారు. తగ్గే బాకీ మీదే వడ్డీ వేసినా, అప్పు తీరడానికి దాదాపు 15 నెలలు పడుతుంది. రెండేళ్ళ ఒప్పందంలో మిగిలిన తొమ్మిది నెలలే నిజమైన సంపాదన. అది లక్ష రూపాయల పైచిలుకు.

జీతం 60 దినార్లే అయితే? ఇంటిపనివాళ్ళకు కువైట్ 2016లో నిర్ణయించిన కనీస వేతనం అదే. అంటే 16,200 రూపాయలు. తనకోసం ఒక్క రూపాయి ఉంచుకోకుండా మొత్తం పంపినా, రెండేళ్ళు గడిచేసరికి ఇంకా 50,000 రూపాయల పైన బాకీ ఉంటుంది. అప్పుడు ఆమె మళ్ళీ వెళ్ళడం ఆశ వల్ల కాదు, బాకీ వల్ల. 'డబ్బు మీద ఆశతో పిల్లల్ని వదిలి పోయింది' అని ఊళ్ళో అనే మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి.

ఈ లెక్కలో లేని పద్దులు కూడా ఉన్నాయి. తల్లి లేని ఇంట్లో వంట ఎవరి మీద పడింది? అవ్వ మీదా, పెద్దకూతురి మీదా? ఆ కూతురి చదువు ఏమైంది? పంపిన డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఎవరు ఖర్చు పెట్టారు? ఇల్లు ఎవరి పేరు మీద కట్టారు? సంపాదించిన మనిషి ఒకరు, అనుభవించేవారు ఒకరు, భరించేవారు ఇంకొకరు కావచ్చు.

చట్టాల సంగతి కూడా విద్యార్థికి తెలిసి ఉండాలి. మన దేశంలో 1983 నాటి వలసల చట్టం ఉంది. పదో తరగతి పాసు కానివాళ్ళు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి అవసరం. ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలి. కువైట్ 2015లో చేసిన చట్టం ఇంటిపనివాళ్ళకు రోజుకు 12 గంటలు మించని పని, వారానికో సెలవు ఇవ్వాలంటుంది. అయితే ఆ పని నాలుగు గోడల మధ్య జరుగుతుంది. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, యజమానితో ముడిపడి ఉంటుంది. కాబట్టి చట్టంలో రాసిన సెలవుకూ, ఆమెకు దొరికే సెలవుకూ మధ్య దూరం ఉండవచ్చు. మంచి కథకు ఆ దూరమే వస్తువు.

5. ఒక పేరులో రెండు పద్దులు

రాయలసీమ కథకుడు చక్రవేణు రాసిన కథ పేరు 'కువైట్ సావిత్రమ్మ'. కథను మీరే చదువుకోవాలి. ఇక్కడ శీర్షికను మాత్రమే చూద్దాం. పల్లెలో స్త్రీని సాధారణంగా ఫలానావాడి భార్య అనో, ఫలానా ఇంటి కోడలు అనో గుర్తిస్తారు. ఈ పేరులో ఆ చోట ఒక దేశం వచ్చి కూర్చుంది. సావిత్రమ్మకు గుర్తింపునిచ్చింది భర్తా కాదు, ఇంటిపేరూ కాదు, ఆమె వెళ్ళివచ్చిన దూరం.

ఇలాంటి పిలుపును ఊళ్ళో రెండు గొంతులతో పలకవచ్చు. గౌరవంగా పలికితే, సొంత చేతులతో సంపాదించిన మనిషి అని అర్థం. వెటకారంగా పలికితే, అక్కడ ఎలా బతికిందో ఎవరికి తెలుసు అనే అనుమానం. ఇంటిపనికి వెళ్ళిన స్త్రీ తెచ్చిన డబ్బును ఊరు తీసుకుంటుంది, ఆమెను మాత్రం శంకిస్తుంది. మగవాడు కువైట్ వెళ్ళివస్తే ఈ శంక లేదు. కాబట్టి వలస లాభనష్టాలు స్త్రీకీ పురుషుడికీ ఒకేలా ఉండవు. ఈ సంగతిని పది వాక్యాల్లో చెప్పవలసి ఉండగా రెండు మాటల శీర్షిక చెప్పగలిగింది.

6. కాలం మార్చే లెక్క

లాభనష్టాలు మనిషిని బట్టే కాదు, కాలాన్ని బట్టి కూడా మారతాయి. గల్ఫ్ కన్నా ముందు తెలుగువాళ్ళకు 'రంగం' ఉంది. రంగం అంటే రంగూన్. అక్కడ తెలుగు కూలీలను కోరంగీలని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య మొదలైన ఘర్షణ నగరమంతా పాకింది. 1942లో జపాన్ దాడితో లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. చాలామంది అడవుల గుండా నడిచి వచ్చారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆ తరవాత సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తీసుకువచ్చారు. ప్రాణాలు దక్కాయి, ఏళ్ళ తరబడి కూడబెట్టింది చాలామందికి దక్కలేదు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. అనుమతి తీసుకుని వెళ్ళే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ప్రాణానికి ప్రభుత్వం ఒక అంకె కట్టగలిగింది, కట్టడం అవసరం కూడా. కాని బిడ్డ ఎదిగిన ఏళ్ళలో తల్లి దగ్గర లేకపోవడానికి ఏ బీమా పత్రంలోనూ అంకె లేదు. సాహిత్యం పని అక్కడ మొదలవుతుంది.

7. రెండు మూసలు, మధ్యన మనిషి

నేడు వలస గురించి మనకు ఎక్కువగా అందేవి రెండు మూసలు. ఒకటి విజయగాథ: పల్లె నుంచి విదేశానికి, అక్కడి నుంచి కొత్త ఇంటికి. రెండోది విషాదగాథ: ఏజెంటు మోసం, యజమాని హింస, 'నన్ను కాపాడండి' అని ఫోనులో ఏడుస్తూ పంపిన వీడియో. రెండూ నిజాలే. రెండో దాని వల్ల కొందరు ఇల్లు చేరారు కూడా, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసేయరాదు.

అయితే ఈ రెంటి మధ్యా ఒక సాధారణ మనిషి ఉంది. ఆమెను ఎవరూ కొట్టలేదు, ఆమె కోటీశ్వరురాలూ కాలేదు. డబ్బు పంపింది, అప్పు తీర్చింది, కూతుర్ని కాలేజీలో చేర్చింది. రెండేళ్ళకు వస్తే చిన్నకొడుకు దగ్గరికి రావడానికి వెనకాడాడు. మూడు నెలలుండి మళ్ళీ వెళ్ళింది. ఆమెను అడిగితే లాభమనీ చెప్పదు, నష్టమనీ చెప్పదు. 'పోకపోతే ఎట్టా గడిచేది?' అంటుంది. ఆ మాటలోని బరువును పట్టుకున్న రచనే ఉత్తమ వలస రచన అని మనం నిర్ధారించవచ్చు. కాబట్టి ఏ వలస రచన చదివినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

(అ) ఈ లెక్క ఎవరిది? వెళ్ళినవారిదా, మిగిలినవారిదా, అప్పిచ్చినవారిదా?
(ఆ) ఇది ఎప్పటి లెక్క? బయలుదేరేటప్పటిదా, పదేళ్ళ తరవాతదా?
(ఇ) వెళ్ళకుండా ఉండే వీలు ఆ పాత్రకు నిజంగా ఉందా?
(ఈ) అంకెల్లోకి రాని పద్దును రచయిత చూశాడా, వదిలేశాడా?

ఈ పాఠం చదివే మీలో కొందరి ఇళ్ళలో ఈ లెక్క ఇప్పటికే నడుస్తూ ఉండవచ్చు. ఈ ప్రశ్నలు పరీక్షకే కాదు, ఆ ఇంటి సంభాషణకూ పనికివస్తాయి.

8. సారాంశం

విదేశీ వలసకు అందరికీ సరిపోయే ఒకే లాభనష్టాల పట్టిక లేదు. సామెతలు ఊళ్ళో నిలబడగలిగినవారి వైపు నుంచి మాట్లాడాయి. 'పడమటి సంధ్యారాగం', 'డాలర్ డ్రీమ్స్' సంస్కృతిని, బంధాలను తూచాయి. అప్పుతో వెళ్ళేవారి లెక్క వాటి పరిధిలోకి రాలేదు. 'కువైట్ సావిత్రమ్మ' అనే శీర్షిక స్త్రీ వలసలోని గౌరవాన్నీ అనుమానాన్నీ కలిపి చూపింది. బర్మా, కువైట్ అనుభవాలు కాలం లెక్కను తిరగరాస్తుందని నిరూపించాయి. జమ ఎవరికి, ఖర్చు ఎవరికి అని విడదీసి చూడడమే వలస రచనల విమర్శలో మొదటి మెట్టు.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'ఉన్న ఊరు కన్నతల్లి' అనే సామెత ఎవరి అనుభవాన్ని చెబుతుంది?
2. సంధ్య పెళ్ళి రెండు పద్దుల్లోకి ఎలా వస్తుంది?
3. జీతం 60 దినార్లయితే ఉదాహరణలోని తల్లి మళ్ళీ ఎందుకు వెళ్ళవలసి వస్తుంది?

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
విదేశీ వలసను చిత్రించిన తెలుగు రచనలలో లాభనష్టాల దృష్టిని విమర్శనాత్మకంగా చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విజయగాథ, విషాదగాథ అనే మూసల బలాలూ పరిమితులూ వివరించండి.
2. మీ ఊరి నుంచి విదేశానికి వెళ్ళివచ్చిన ఒకరితో మాట్లాడి, వారి పేరు రాయకుండా, పాఠంలోని నాలుగు ప్రశ్నలకు వారి అనుభవాన్ని అన్వయించండి.

11. పదకోశం

అకామా: గల్ఫ్ దేశాలలో నివసించడానికిచ్చే అనుమతి
జమ: రాబడి
పద్దు: లెక్కల పుస్తకంలో ఒక్కొక్క అంశం
మూస: అచ్చు, మారని నమూనా
మెట్ట: కాలువ నీరు అందని ఎత్తైన నేల