మౌనం సమ్మతి అవుతుందా?

మౌనం అర్ధాంగీకారమని మనవారి నానుడి. దీనిని రాజకీయాలకు అన్వయించడం ఎంత ప్రమాదకరమో తెలియజెప్పినవారు జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ నాయ్‌మన్. 1974లో ఆమె ఆంగ్లవ్యాసంలో ప్రతిపాదించిన 'మౌనపు సుడి' సిద్ధాంతం 1980లో జర్మన్ భాషలో గ్రంథరూపం దాల్చింది.

మనిషి ఏకాకి కావడానికి భయపడతాడని, అందుచేత నలుగురి అభిప్రాయం ఎటు మొగ్గుతున్నదో కనిపెడుతూ ఉంటాడని ఆమె వాదం. తన పక్షం బలహీనమని తోస్తే అతడు నోరు మెదపడు. దానితో ఆ పక్షం మరింత బలహీనంగా కనిపిస్తుంది. మరికొందరు మౌనం వహిస్తారు. 1965 నాటి పశ్చిమ జర్మనీ ఎన్నికలు ఇందుకు ఆమె చూపిన నిదర్శనం. నెలల తరబడి ఇరుపక్షాల బలం ఇంచుమించు సమంగానే ఉన్నా, క్రైస్తవ డెమోక్రాట్ల కూటమి గెలుస్తుందని తలచేవారు పెరుగుతూ పోయారు. చివరకు ఆ కూటమికి 47.6 శాతం, సోషల్ డెమోక్రాట్లకు 39.3 శాతం ఓట్లు లభించాయి.

పరిశీలన విలువైనదే. కాని మౌనానికంతటికీ భయమే మూలమన్నట్లు సాగిన వాదం నిలువదు. ఉసూలె ఫిఖహ్ అభ్యసించినవారికి ఈ చర్చ కొత్త కాదు. ఒక విద్వాంసుడు అభిప్రాయం ప్రకటించగా సమకాలికులు మౌనం వహిస్తే అది ఇజ్మా అవుతుందా? హనఫీ విద్వాంసులలో అధికులు అవుతుందన్నారు. అయితే ఆలోచనకు వ్యవధి ఉండాలని, భయకారణం ఉండరాదని షరతు పెట్టారు. మౌనంగా ఉన్నవానికి మాటను అంటగట్టరాదన్న సూత్రం ఇమామ్ షాఫియీ (రహ్మ) పేర ప్రసిద్ధం. ఇమామ్ గజాలీ (రహ్మ) 'ముస్తస్ఫా'లో మౌనానికి పలు కారణాలు చూపారు. ఇంకా ఆలోచిస్తూ ఉండవచ్చు. తగిన అదను కోసం వేచి ఉండవచ్చు. మరొకరు ఖండించారు గదా అని ఊరకుండవచ్చు. చెప్పినా చెల్లదని, అవమానం మిగులుతుందని వెనుదీయవచ్చు. గ్రంథకర్త్రి పట్టుకున్నది ఈ చివరిదానిని మాత్రమే.

తర్వాతి పరిశోధనలు కూడా ఈ లోపాన్నే సూచిస్తున్నాయి. 1997లో 17 సర్వేలను కలిపి చూడగా, పరుల అభిప్రాయానికీ నోరు విప్పడానికీ గల సంబంధం స్వల్పమేనని తేలింది. 2018లో 66 అధ్యయనాలను పరిశీలించగా, ఆ సంబంధం బంధుమిత్రుల మధ్యనే బలంగా కానవచ్చింది. గ్రంథకర్త్రి పరీక్షించిందేమో రైలు ప్రయాణంలో అపరిచితునితో మాట్లాడే ధైర్యాన్ని! మనిషి ఎక్కువగా జంకేది తిరిగి ముఖం చూడనక్కరలేని పరాయివాని ముందు కాదు, రేపు మళ్లీ కలవవలసిన తనవారి ముందు.

కాబట్టి ఈ సిద్ధాంతం హెచ్చరించేది పాలకులను మాత్రమే కాదు. "సభలో ఎవరూ కాదనలేదు, అందరి మాటా ఇదే" అని ప్రకటించే ప్రతి పెద్దమనిషీ ముందుగా రెండు ప్రశ్నలకు బదులు చెప్పాలి: ఆలోచించుకోవడానికి వారికి వ్యవధి ఇచ్చారా? కాదన్నవాడు మరునాడు కూడా మునుపటి గౌరవంతోనే ఆ సభకు రాగలడా?