ఇసుక పరిచే రోజు

ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు. సిమెంటు ఏ కంపెనీదో, ఏ గ్రేడుదో ఆరా తీస్తారు. వాటిని మోసే ఇసుక పొర ఎలా పడిందో చూసేవాళ్లు మాత్రం తక్కువ. బేస్‌మెంట్ నింపే రోజున చాలామంది సైటుకే రారు. కట్టడాల మధ్యే పనిచేస్తూ వచ్చిన నాకు, ఇంటి యజమాని తప్పకుండా ఉండాల్సిన రోజు అదే అనిపిస్తుంది.

మన ఊళ్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ దాని ఎత్తు పెరుగుతోంది. వాననీళ్లు ఇంట్లోకి రాకూడదని బేస్‌మెంట్ మూడడుగులు, నాలుగడుగులు లేపుతున్నాం. అంత లోతునూ మొరంతోనూ పైన ఇసుకతోనూ నింపాలి. టిప్పర్లు ఒక్క పూటలో కుమ్మరించి పోతాయి. పారతో చదును చేస్తే నిండినట్టే ఉంటుంది. కానీ నిండడం వేరు, బిగియడం వేరు. రేణువుల మధ్య సందులు అలాగే ఉంటాయి. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి తడి దిగి మట్టి కుంగుతుంది. పైనున్న కాంక్రీటుకు కింద ఆనిక పోతుంది, బరువు పడ్డచోట పగులుతుంది.

మంచి మేస్త్రీ అరడుగు మించకుండా పొర పరిపిస్తాడు, తడిపిస్తాడు, దిమ్మిస కొట్టిస్తాడు. అది బిగిశాకే తర్వాతి పొర. ఇప్పుడు ప్లేట్ వైబ్రేటర్లు అద్దెకు దొరుకుతున్నాయి. ఇసుకకు ఆ అదురు బాగా పనిచేస్తుంది. అయితే మూలల్లోకి, గోడల అంచుల్లోకి యంత్రం అందదు. పునాది గోతులు పూడ్చిన చోటూ అదే, లోతూ అక్కడే ఎక్కువ. అక్కడ దిమ్మిసే దిక్కు. కుంగిన ఇళ్లలో చూడండి: స్కర్టింగ్ గోడకే ఉంటుంది, దాని కింద టైల్ దిగిపోయి సన్నని సందు కనిపిస్తుంది. ఆ టైల్‌ను నాణెంతో తడితే డొల్లగా మోగుతుంది.

తడపడంలోనూ లెక్క ఉంది. గాజు గ్లాసులో సగానికి పైగా చెమ్మ ఇసుక వదులుగా పోసి, మట్టం దగ్గర గీత పెట్టండి. ఇసుక మునిగేలా నీళ్లు పోసి, బాగా కలిపి, తేరనివ్వండి. ఇసుక గీత కన్నా కిందికి దిగుతుంది. సన్న ఇసుకైతే ఐదో వంతు దాకా తగ్గడం మామూలే. చెమ్మగా ఉన్నప్పుడు రేణువుల చుట్టూ పట్టిన పలుచని నీటి పొర వాటిని దగ్గరికి చేరనివ్వదు. నిండా తడిస్తే ఆ పట్టు వదిలి, ఒకదాని సందులోకి ఒకటి ఒదుగుతాయి. అందుకే ఇసుక మీద నీళ్లు చిలకరించి ఊరుకుంటే చాలదు, దండిగా పట్టాలి. ఆ నీరు కిందికి ఇంకిపోయే దారీ ఉండాలి.

మొరం సంగతి వేరు. దానికి తగినంత చెమ్మే కావాలి. ప్రతి మట్టికీ గట్టిగా బిగిసే ఒక తేమ శాతం ఉంటుందని 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ పరీక్షలతో చూపాడు. రోడ్లకూ మట్టికట్టలకూ ఆ పరీక్షే ఇప్పటికీ ఆధారం. సైటులో పిడికిలి చాలు: బిగిస్తే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నల్లరేగడిని మాత్రం లోపలికి రానివ్వొద్దు. పునాది తవ్వగా వచ్చిందే కదా అని పోస్తే, తడికి ఉబ్బి ఫ్లోరింగ్‌ను లేపుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది.

బెడ్ కాంక్రీటు వేసే ముందు చెదల మందు కొట్టించండి. ఇసుకను మళ్లీ తడపండి, లేదా పాలిథిన్ షీటు పరచండి. పొడి ఇసుక సిమెంటు పాలను పీల్చేస్తుంది.

ఎస్టిమేట్‌లో ‘ఫిల్లింగ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. పొర మందం, తడపడం, దిమ్మిస విడివిడిగా రాయించి, ఆ కూలి విడిగా ఇవ్వండి. లారీల లెక్కన బేరం కుదుర్చుకుని దిమ్మిస సరిగా పడలేదని మేస్త్రీని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ రోజు సెలవు పెట్టి అక్కడే ఉండండి. గృహప్రవేశం నాటికి అన్నీ చూసుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు. ఈ పొరను చూడగలిగేదీ సరిదిద్దగలిగేదీ కాంక్రీటు పడేలోపే.