విచారణ చరిత్రలో వాడ ఎక్కడ?

విచారణల జూబిలీ సంచికలు తిరగేస్తే మాకు కనిపించే వరుస ఒక్కటే: స్థలం కొన్నారు, గుడి కట్టారు, బడి పెట్టారు, ఫలానా ఫాదర్ వచ్చారు, బదిలీ మీద పోయారు. మరి మాలవాడ, మాదిగవాడల జనం ఏరి? వాళ్లు అంకెలుగానే మిగిలారు. జపాలు నేర్పిన ఉపదేశికి పేరు కూడా ఉండదు.

గోదావరికి దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా లాటిన్ రీతిలో వరంగల్ మేత్రాసనం కింద ఉంది. ఉత్తరాన ఆదిలాబాద్, చాందా మేత్రాసనం నుంచి 1999లో విడిపోయి, మంచిర్యాల కేంద్రంగా వేరే మేత్రాసనమైంది. అక్కడిది కేరళ సీరో మలబార్ రీతి. ఏటికి ఇవతలి తమ్ముడికి ఒక పూజ, అవతలి అక్కకు ఇంకో పూజ. రీతిని నిర్ణయించింది రోము, వాడ కాదు.

అయితే తప్పంతా ఫాదర్లదే అంటే మేం ఒప్పుకోం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీగా గుర్తించదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు దక్కింది బీసీ-సి, ఒక్క శాతం. అందుకే జ్ఞానస్నానం పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. కులమూ విశ్వాసమూ ఒకే వరుసలో రాస్తే సర్టిఫికెట్ పోతుంది. ఇట్లాంటి మనిషి తన చరిత్ర ఎట్లా రాసుకుంటాడు? సంచికల మౌనంలో సగం ఈ భయానిదే.

శ్రీసభలో కులవివక్ష ఉందని దేశ కతోలిక బిషప్పుల సమాఖ్యే 2016లో ఒప్పుకుంది. ఒప్పుకుంటే సరిపోదు. విచారణ చరిత్రను వాడ నుంచి మొదలుపెట్టాలి. ముసలవ్వలు చెప్పేది రాసుకోవాలి. పేర్లు చెప్పాలో దాచాలో వాళ్లకే వదిలెయ్యాలి.