ఎత్తు, మచ్చ, తండ్రి పేరు

దక్షిణాఫ్రికాలోని కేప్‌ను డచ్చి కంపెనీ ఏలిన కాలంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ, యజమాని చనిపోతే ఇంట్లో ఉన్నదంతా లెక్క రాసేవాళ్లు. మంచాలు, ఇత్తడి సామాను, ఎద్దులు, వాటితో పాటే బానిసలు. 1673 నుంచి 1834 దాకా రాసిన ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. తమ పూర్వీకుల్లో బానిసలున్నారని తెలిసినవాళ్లు వెతికే కాగితాల్లో అవీ ఉంటాయి. బానిస పేరు పక్కన చాలాచోట్ల పుట్టిన సీమ ఉంటుంది: బెంగాల్, మలబార్, కోరమండల్. మన తీరం నుంచి పోయిన మనిషికి మిగిలిన చిరునామా ఆ చివరి మాట ఒక్కటే. కోరమండల్ అంటే ఏ ఊరని వెతుకుతాం?

బ్రిటిష్ వలసల్లో 1834లో బానిసత్వం రద్దయింది. తర్వాత చెరకు తోటలకు ఐదేళ్ల ఒప్పందం మీద మన కూలీలను తీసుకుపోయారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి, దక్షిణాఫ్రికాలోనే ఉన్న నటాల్ వలస రేవు డర్బన్ చేరింది. 1911 వరకు ఒక్క నటాల్‌కే 1,52,184 మంది పోయారు. మూడింట రెండు వంతుల మంది ఓడెక్కింది మద్రాసులోనే. అందులో మా కడప జిల్లా వాళ్లూ ఉన్నారు. చట్టం వాళ్లను బానిసలనలేదు. కానీ చెప్పకుండా తోట విడిచిపోతే జైలే.

అయితే వీళ్ల కాగితం, అంటే ఓడ జాబితా, కేప్ జాబితా కంటే ఎంతో ఎక్కువ చెబుతుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. వీటన్నిటికీ ముందు ఒక నంబరు. వెతికేవాళ్లు పట్టుకోవలసింది ఆ నంబరునే. పేరును గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకుంటాడు, పెళ్లి కాగితంలో ఒక తీరుగా, కోర్టు కాగితంలో ఇంకో తీరుగా. నంబరు మాత్రం చచ్చేదాకా మారదు.

ఇంటిపేరు కోసం వెతికితే దారి తప్పుతాం. ఓడ జాబితాలో దానికి గడే లేదు. చాలా ఇళ్లలో తాత సొంత పేరే పిల్లలకు ఇంటిపేరైపోయింది. కాబట్టి డర్బన్ కుటుంబం ఈరోజు రాసుకునే ఇంటిపేరు, ఒకప్పుడు పులివెందుల పక్క ఏ తల్లో తన బిడ్డను పిలుచుకున్న పేరు కావచ్చు.

జిల్లా పేరు చూసి తొందరపడకూడదు కూడా. కదిరి తాలూకా 1910లో అనంతపురం జిల్లాకు పోయింది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లాలో కలిశాయి. పాత కాగితంలో కడప అని ఉన్నా, ఊరు ఇప్పటి కడపలో లేకపోవచ్చు. ఒకే పేరున్న పల్లెలకు మాకు కొదవ లేదు, అందుకే తాలూకా పేరు తేలనిదే ఊరు తేలదు. తెలుగు రాని చేయి ఇంగ్లీషులో గిలికిన ఊరిపేరును కంటితో చదివితే అర్థం కాదు. పైకి పలకాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్క పుట్టి పెరిగిన చెవికి అది చప్పున తెలుస్తుంది. ఈ పనికి డర్బన్ వాళ్ల కంటే మనమే అవసరం.

ఊరు దొరికాక మన వైపు కాగితాలు చూడాలి. పట్టా ఉన్న కుటుంబమైతే డైగ్లాట్ అనే పాత భూముల రిజిస్టర్‌లో, ఇనాం ఉంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఆనవాలు దొరకవచ్చు. కానీ 1876-78 నాటి ధాత కరువులో మొదట విలవిల్లాడింది సెంటు భూమి లేనివాళ్లు. వాళ్ల పేర్లు ఏ పట్టాలోనూ ఉండవు. నన్ను కలచివేసే సంగతి ఇదే: సొంత ఊర్లో లెక్కకు రాని మనిషి ఎత్తు ఎంతో, మచ్చ ఎక్కడుందో సముద్రం దాటాకే భద్రంగా నిలిచింది.

మళ్లీ నటాల్ వైపు వస్తే, అక్కడి కోర్టు కాగితాల విలువ వేరు. తోట విడిచాడనో, కొట్టారని మొర పెట్టుకున్నాడనో కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు అతని మాట నమోదయ్యేది. అది దుబాసీ నోట మారి, ఇంగ్లీషులో కుదించిన మాటే. అయినా ఓడ జాబితా ఆ మనిషిని కొలిచింది, ఇక్కడ అతనే పలుకుతాడు.

అన్నిటికంటే విలువైనది చనిపోయాక తెరిచే ఆస్తి ఫైలు. కాస్త ఆస్తి మిగిల్చిన వాళ్లకు, నాలుగు ఆవులో చిన్న తోటో ఉన్నా సరే, ఇది దొరికే అవకాశం ఉంది. దానిలోని మరణ నోటీసులో పుట్టిన చోటు, భార్య పేరు, బిడ్డల పేర్లు వరసగా ఉంటాయి. ఓడ జాబితా తండ్రి పేరుతో ఆగిపోయింది. ఈ నోటీసు తల్లి పేరు కూడా అడుగుతుంది. ఆ గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. నిండి ఉంటే మాత్రం, మా పక్క ఏదో పల్లెలో ఉండిపోయిన ఆమె పేరును, ఆమె ఎన్నడూ చూడని మనవడు తండ్రి నోట విని గుర్తుపెట్టుకుని చెప్పాడన్నమాట.