కొలిచాక తీసిన పిడికెడు

మా నాయనమ్మ పూటకి మూడు సోలల బియ్యం కొలిచేది. చేటలో పోసి చెరిగి, మట్టిబెడ్డలూ వడ్లగింజలూ ఏరేసి, ఎసరు కాగుతుండగా ఆ చేటలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న మూత డబ్బాలో వేసేది. ఆ తర్వాతే మిగిలినవి కడిగేది. కొత్తగా కాపురానికొచ్చిన మా పిన్ని ఓసారి, పని తేలికవుతుందని, బస్తాలోంచే గుప్పెడు తీసి డబ్బాలో పోయబోయింది. నాయనమ్మ ఆపింది. "అందులోంచి కాదమ్మాయ్, మనం తినేదాంట్లోంచి తియ్యాలి."

పిన్నికి అర్థం కాలేదు. బస్తాలోవైనా అవే బియ్యం, చేటలోవైనా అవే బియ్యం. నిజమే. కానీ బస్తాలోంచి తీస్తే ఆ పూట ఎవరికీ ఏమీ తగ్గదు. చేటలోంచి తీస్తే ఎవరో ఒకరి కంచంలో ఓ ముద్ద తగ్గుతుంది. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నాయనమ్మే అయ్యేదని వేరే చెప్పక్కర్లేదు. పనులు దొరకని ఎండాకాలంలో ఆ పిడికెడు కాస్తా మూడు వేళ్ళకి పట్టినంతకి వచ్చేది. మానడం మాత్రం లేదు.

ఆదివారం ఆరాధనలో కానుకల పాట ఎత్తుకోగానే ఆడవాళ్ళు వరసగా వెళ్ళి, ముందు పెట్టిన గంపలో ఆ బియ్యం పోసేవాళ్ళు. దొడ్డువి, సన్నవి, రేషన్‌వి, పాతవి, ఆ ఏటి కొత్తవి. కొన్నింట్లో పురుగు కూడా. ఆ కలగలుపు బియ్యం వండటం పాస్టరుగారి భార్యకి పెద్ద పరీక్ష. సగం మెతుకులు చిమిడిపోతే సగం పలుకు మీద ఉండేవి. అందుకని ఆమె వాటిని నానబెట్టి రుబ్బి అట్లు పోసేది, లేదంటే మరకి పంపి పిండి పట్టించేది. సండే స్కూలు అయ్యాక మాకు ఆ అట్లలో తలా ఒక ముక్క దొరికేది. వాక్యం కంటే ముందు మాకు వంటబట్టింది ఆ పులిసిన అట్లే.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ఏ కూటానికి వెళ్ళినా, ఏ ఉపవాస ప్రార్థనలో కూర్చున్నా ఒకటే అంశం: లోకాన్ని విడిచిపెట్టండి, ఆత్మలో ఎదగండి. వినడానికి బాగానే ఉంటుంది. తీరా లోకమంటే ఏమిటని అడిగితే ఓ జాబితా చదువుతారు. సినిమాలు, సీరియళ్ళు, తలలో పూలు, నుదుట బొట్టు, మెడలో గొలుసు, గోళ్ళరంగు. కాస్త పట్టి చూస్తే ఇందులో ముప్పాతిక వంతు ఆడవాళ్ళ ఒంటి మీదివే. ఊరి బయట ప్లాటు మీద ప్లాటు కొనడం, డబ్బు వడ్డీకి తిప్పడం, కొడుక్కి కట్నం మాట్లాడుకోవడం ఆ జాబితాలో ఉండగా నేనైతే వినలేదు. ప్రార్థన చేసుకుని మరీ కట్నం మాట్లాడుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

ఇలాంటి ప్రసంగాల్లో తప్పకుండా వచ్చే పేరు దేమా. పౌలుతో కలిసి పనిచేసి, ఆఖరి రోజుల్లో ఆయన్ని వదిలేసి థెస్సలొనీకకి వెళ్ళిపోయిన మనిషి. లోకం మీద ప్రేమతో వెళ్ళాడని తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు బాధపడతాడు. అంతే. అక్కడ ఏముందని వెళ్ళాడో, వ్యాపారమో, పెళ్ళామో, ప్రాణభయమో, ఒక్క ముక్క రాయలేదు. ఆ ఖాళీని ప్రతి ప్రసంగీకుడూ తనకి గిట్టని వస్తువుతో నింపుతాడు. మా చిన్నప్పుడు దేమా సినిమాలకి వెళ్ళాడు. ఇప్పుడు ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాడు.

నిరాడంబరతని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్న భక్త్‌సింగ్ గారు 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధనా కేంద్రం పెట్టి, 2000లో కన్నుమూసేదాకా జీతమనేది లేకుండానే బతికారు. అక్కడి తెల్లబట్టలకీ, ఆరాధన అయ్యాక అందరూ బంతిగా కింద కూర్చుని తినే ప్రేమవిందుకీ ఒక అర్థం ఉంది. ఆఫీసరూ రిక్షా తొక్కేవాడూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. నగ తియ్యడం అక్కడ ఎదుటివాడి పక్కకి జరగడానికి. ఎదుటివాడి మెడ వంక చూసి తీర్పు చెప్పడానికి కాదు.

పిడికెడు బియ్యం ఒక్క మా ఊరి అలవాటు కాదు. మిజోరంలో దీన్ని బుహ్‌ఫై థామ్ అంటారు. 1910 ప్రాంతంలో మొదలైంది. నేటికీ అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి అదొక పెద్ద ఆదాయం. మన వైపు ఈ మాట రాగానే డోర్నకల్ గుర్తుకొస్తుంది, బిషప్ అజరయ్య గుర్తుకొస్తారు. తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో 1874లో పుట్టిన తమిళుడాయన. డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన తొలి భారతీయుడు. గోపురాలూ మినార్లూ మండపం స్తంభాలూ కలిసిన డోర్నకల్ కెథెడ్రల్ ఆయన హయాంలోనే, 1939లో, ప్రతిష్ఠ జరుపుకుంది. క్రైస్తవుడు ఎలా ఇవ్వాలి అన్న విషయం మీద ఆయన ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఆయన సంఘంలో ఎక్కువమంది ఎవరు? మాలలు, మాదిగలు, కూలికి పోతే తప్ప పొయ్యి రాజుకోని వాళ్ళు. మిషన్ సాయం పుచ్చుకోవడం అలవాటైన వాళ్ళు. అలాంటి వాళ్ళని దేవుడికి ఇవ్వమనడం అన్యాయంగా వినిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే వినిపించింది. ధనుర్మాసంలో హరిదాసు ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ ఆగి, తల మీది గిన్నెతో మోకాలి మీద వంగితే ఇల్లాళ్ళు గుప్పెడు బియ్యం పోస్తారు. ఆ చిడతల చప్పుడు మా పేటకి వినబడేది గానీ, హరిదాసు మా పేటలోకి వచ్చేవాడు కాదు. అడుక్కునేవాడు కూడా మా గుమ్మం ముందు ఆగని రోజులవి. ఎవరూ ఏమీ అడగని ఇంటికి వచ్చి, నీ దగ్గర ఇవ్వడానికి ఒకటుంది, తే అని అడిగినవాడు ఆ ఇంటి స్థాయి ఏ మేరకి మార్చాడో ఊరి పెద్దవీధిలో పుట్టినవాళ్ళకి వివరించడం కష్టం.

నాయనమ్మకి ఇంకో కారణం కూడా ఉండేది. ఇంట్లో డబ్బు తాతయ్య చేతిలో. పది పైసలు కానుక వెయ్యాలన్నా ఆయన చొక్కా జేబు వైపు చూడాలి. బియ్యం మాత్రం ఆమె చేతిలోది. ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా ఆమె దేవుడికి ఇవ్వగలిగింది అదొక్కటే. కంచంలో తగ్గిన ముద్దని నేను పొగడటం లేదు. ఆడవాళ్ళ కంచాలు ఎప్పుడూ అందరికంటే ముందే తగ్గుతాయి, దానికి దేవుడి పేరు తగిలించనక్కర్లేదు. ఆమె మాత్రం ఆ డబ్బా దగ్గర ఇంటి యజమానిలా నిలబడేది. అది నేను కళ్ళారా చూశాను.

అన్నానికీ ఆత్మకీ మధ్య గీత ఎక్కడ గియ్యాలన్న గొడవ మన నేల మీద కొత్తది కాదు. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమన్నారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడుతుందనీ, అది నిజమే కావచ్చుననీ భయం. ఏడాదికి పైగా ఆపాడు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. చరిత్ర పుస్తకాలు ఈ అంకె దగ్గర ఆగిపోతాయి. నాకు ఆ ఆపిన కాలం ముఖ్యం. కానీ ఆయన భయంతో పూర్తిగా ఏకీభవించలేను. ఆకలితో ఉన్నవాడు కూడు కోసం దేవుణ్ణి వెతికితే దాన్ని లోకాశ అనడానికి నాకు నోరు రాదు. కడుపు నిండినవాడు ఇంకో ఫ్లాటు కోసం దేవుణ్ణి వెతికితే, అప్పుడు క్లౌ గారిలా ఎవరైనా కాస్త ఆపితే బాగుండును.

ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. సాక్ష్యాల సమయం వచ్చిందంటే వీసా వచ్చింది, ప్రమోషన్ వచ్చింది, కారు కొన్నాం అని వరసగా లేస్తారు. కృతజ్ఞత చెప్పుకోవద్దని ఎవరనగలరు? కానీ ఆ సాక్ష్యాల్లో దశమభాగం మొదలుపెట్టిన నెలా, జీతం పెరిగిన నెలా పక్కపక్కనే వస్తాయి. వినేవాళ్ళు మనసులో లెక్క కట్టేసుకుంటారు. ఇస్తే వస్తుందని ఇవ్వడం చిట్టీ పాట. చిట్టీలు వేసుకోవచ్చు, తప్పులేదు. దాన్ని ఆత్మీయ ఎదుగుదల ఖాతాలో రాసుకోవడం దగ్గరే నా పేచీ.

కోత పండుగ వేలం నాకిష్టం. ఎవరింటి పాదుకి కాసిన గుమ్మడికాయో, కాళ్ళు కట్టేసిన నాటుకోడో, అరిసెల డబ్బానో బల్ల మీద పెట్టి పాట పెడతారు. పదిరూపాయల సొరకాయ పంతానికి వెయ్యి దాటుతుంది. నవ్వులాటగా సాగుతుంది, గుడి కప్పుకి రేకులొస్తాయి. ఆ తర్వాత మైకులో పేర్లూ అంకెలూ చదువుతారు చూడండి, అక్కడ మాత్రం నాకు తల దించుకోవాలనిపిస్తుంది. యెరూషలేము దేవాలయంలో కానుకపెట్టె ఎదురుగా కూర్చుని యేసు చూసింది సరిగ్గా ఇదే కదా. పెద్ద మొత్తాలు వేసినవాళ్ళని ఆయన తిట్టలేదు. వాళ్ళు మిగిలినదాంట్లోంచి వేశారనీ, రెండు కాసులు వేసిన బీద విధవరాలు తన బతుకుతెరువే వేసిందనీ అన్నాడు. నాయనమ్మకి చదువు రాదు. బస్తాకీ చేటకీ ఉన్న తేడా ఆమె ఆ కథలోంచే పట్టుకుందని నా అనుమానం.

ఈ అలవాటు నేను మళ్ళీ మొదలుపెట్టాను. మాకు బియ్యం ఇరవై ఆరు కిలోల బస్తాలో వస్తాయి. ఇరవై ఐదు ఎందుకు కాదంటారా? 2022 జూలై నుంచి ఇరవై ఐదు కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, మిల్లులవాళ్ళు ఒక కిలో పెంచి దాన్ని దాటేశారు. లోకం యుక్తి ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ ప్రసంగంలోనూ వినలేదు. కుక్కర్ గ్లాసుతో కొలుస్తాను, కొలిచిన దాంట్లోంచే పిడికెడు తీస్తాను. యాభై గ్రాములుంటుందేమో. రెండు పూటలకీ కలిపి నెలకి మూడు కిలోలు. కిలో అరవై వేసుకున్నా నూట ఎనభై రూపాయలు.

"ఆ నూట ఎనభై ఫోన్‌పే చేసేస్తే పోతుందిగా అమ్మా" అంది మా అమ్మాయి. చర్చి గోడకి క్యూఆర్ కోడ్ ఉంది, ట్రెజరర్‌కి లెక్క కూడా సులువు. కలగలుపు బియ్యం ఇప్పుడు ఏ పాస్టరుగారింట్లోనూ ఎవరికీ అక్కర్లేదు. నేనూ వాటిని దగ్గర్లోని పిల్లల హాస్టల్‌కే ఇస్తున్నాను, ఇడ్లీ పిండిలోకి వాడతామన్నారు. అయినా ఫోన్ నొక్కితే తగ్గేది బ్యాంకులో ఒక అంకె. ఇక్కడ తగ్గేది గిన్నెలో అన్నం. సాయంత్రం పెద్దగా ఆకలి లేని నాకు అది తెలియదు. కాలేజీ నుంచి వచ్చి గిన్నె అడుగు గీకే అమ్మాయికి తెలుస్తుంది. గ్లాసు నిండా పొయ్యమని మొదట్లో పోట్లాడింది. ఇప్పుడు ఒక్కోరోజు నేను పని మీద ఉంటే తనే తీస్తుంది. ఆమె పిడికిలి నా పిడికిలి కంటే చిన్నదని నేనింకా అనలేదు.

బిర్యానీ స్విగ్గీలో తెప్పించుకున్న ఒక శనివారం రాత్రి ఆమె అడిగింది, "మరి దీంట్లోంచి తియ్యవా?" వండిన అన్నం డబ్బాలో వెయ్యలేం. దానికి బదులు పదిరూపాయలు వేద్దామన్నాను. అలా వేస్తే మళ్ళీ మన ప్లేట్లో ఏం తగ్గినట్టు అంది. నా వాదన నాకే తిప్పికొట్టింది. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. తెప్పించుకున్న రోజున ఒక ఐటమ్ తగ్గించుకోవాలి, ఆ డబ్బు తెచ్చిన అబ్బాయి చేతిలో పెట్టాలి. కూల్‌డ్రింక్ మానేశాం. మెట్లెక్కి చెమటతో వచ్చిన ఆ కుర్రాడు నలభై రూపాయలు చూసి, "పేమెంట్ అయిపోయిందండీ" అని వెనక్కివ్వబోయాడు. అది వేరే లెక్కలే బాబూ అని చెప్పి పంపాం. మా సంఘం పెద్దలు దీన్ని కానుకల కింద రాసుకోరు. రాసుకోమని మేమూ అడగలేదు.