ఊళ్ళు తిరిగిన పాట

మా అమ్మాయి పురుటికని అట్లాంటా వెళ్ళినప్పుడు, చంటిది నిద్రపోయే వేళల్లో నాకు రాక్ సంగీతం వినిపించాలని మా అల్లుడు పట్టుబట్టాడు. ‘‘మన కచేరీలాగే ఉంటుంది, వినండత్తయ్యా’’ అంటూ పెట్టిన రికార్డు ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’. వాయించినది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్. రాక్ అంటే జుట్టు విరబోసుకుని గొంతు చించుకోవడమే అనుకునేదాన్ని. జుట్టు మాట నిజమే లెండి.

నాలుగో వైపంతా ఒకటే పాట, ‘విప్పింగ్ పోస్ట్’. 22 నిమిషాల పైచిలుకు! ఎత్తుగడలో తాళం ఎక్కడో తప్పిందేమోనని వేళ్ళు లెక్కపెట్టాను. తప్పలేదు, 11 దెబ్బల నడక అది. గ్రెగ్ పాడేది కొంచెమే. తక్కినదంతా విస్తారం. గిటార్లు డ్వేన్ ఆల్‌మన్, డికీ బెట్స్. ఒకరు వదిలిన చోట రెండోవారు అందుకుంటారు. మధ్యలో తాళం కూడా వదిలేసి, ఆలాపనలోకి దిగినట్టు దిగిపోతారు. రెండో వైపున్న 19 నిమిషాల పాట మాత్రం, అల్లుడు నొచ్చుకున్నా సరే, సాగదీశారనే అంటాను.

ఇంతసేపు వాయించే ధైర్యం వాళ్ళకి రోడ్డు మీదే వచ్చింది. 1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కలిశారు. ఫిల్ వాల్డెన్ అనే ఆయన చిన్న కంపెనీని నమ్ముకుని జార్జియాలోని మేకన్ చేరారు. మొదటి రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. అట్లాంటా పీడ్‌మాంట్ పార్కులో టిక్కెట్టు లేకుండా వాయించారు. ఒక్క 1970లోనే దాదాపు 300 కచేరీలు! అలా ఊరూరా పోగైన శ్రోతల ముందు, 1971 మార్చిలో న్యూయార్కులో వాయించినదే ఈ రికార్డు. స్టూడియోలో చేసిన మొదటి రెండూ కూడా విన్నాను. బాగానే ఉన్నాయి గానీ, ఎదురుగా మనిషి లేకుండా చెప్పిన కబుర్లలా ఉన్నాయి. ఇక్కడ హాలు నిశ్శబ్దమైన కొద్దీ వీళ్ళ వాయింపు నెమ్మదిస్తుంది. వినేవాళ్ళని నమ్మినవాళ్ళే అలా చెయ్యగలరు.

మేకన్ గంటన్నర ప్రయాణం. ఓ ఆదివారం తీసుకెళ్ళాడు. వాళ్ళున్న ‘బిగ్ హౌస్’ ఇప్పుడు మ్యూజియం. అందరూ గిటార్లు చూస్తుంటే నేను వంటిల్లు వెతుక్కున్నాను. 1970లో ఆ ఇల్లు అద్దెకి కుదిర్చినది బాస్ గిటారు వాయించే బెరీ ఓక్లీ భార్య లిండా. మగవాళ్ళు ఊళ్ళు తిరుగుతుంటే పిల్లలతో అక్కడే ఉన్నారు ఆడవాళ్ళు. చేతిలో డబ్బుల్లేక బ్యాండు వాళ్ళు భోజనం పంచుకు తింటుంటే, హెచ్ అండ్ హెచ్ హోటల్ లూయీస్ హడ్సన్ అందరికీ పెట్టి పంపిందట. ఆవిడ నల్లజాతి మనిషి. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ఒకే హోటల్లో కూర్చుని తినడానికి అక్కడ చట్టం వచ్చింది 1964లోనే. ఈ బ్యాండులోనూ డ్రమ్స్ వాయించే జైమో నల్లవాడు. 1972లో ఆవిణ్ణి కూడా తమతో ఊళ్ళు తిప్పారు.

మా నాన్నగారు నాటక సమాజంలో హార్మోనిస్టు. ఆయన ‘వన్స్‌మోర్’ల గురించి ఊరంతా చెప్పుకునేది. పచారీకొట్టు ఖాతా సంగతి మా అమ్మకే తెలుసు. అందుకే కాబోలు, ఈ సంగీతాన్ని ఊరికే మెచ్చుకుని ఊరుకోలేకపోతున్నాను.

1971 అక్టోబర్లో ఆ రికార్డుకి గోల్డ్ గుర్తింపు వచ్చింది. అదే నెల 29న మేకన్‌లో మోటారు సైకిలు ప్రమాదంలో డ్వేన్ పోయాడు. 24 ఏళ్ళు. మరుసటేడు నవంబరులో బెరీ ఓక్లీ కూడా అక్కడికి దగ్గర్లోనే, అలాగే పోయాడు. అతనికీ 24 ఏళ్ళే. మిగిలినవాళ్ళు మళ్ళీ ఊళ్ళు పట్టారు.

రికార్డు అట్ట వెనక బ్యాండు ఫోటో కాదు, సామాన్లు మోసిన కుర్రాళ్ళ ఫోటో వేశారు. అది చూసి ముచ్చటేసింది. మా నాన్నగారి సమాజం ఫోటోలోనూ తెరలు లాగేవాడు సహా అందరూ ఉన్నారు. అమ్మని మాత్రం కాఫీలు అందించి పక్కకి నిలబడమన్నారట. ఈ అట్ట మీద లిండా కోసం కూడా వెతికాను. లేదు.